వేడికి బదిలీయే గాని రద్దు లేదు



మన ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇమ్మని కార్యవర్గం వారు అడిగారు. సాధారణంగా ఇటువంటి సంచికలలో సర్వీసు జ్ఞాపకాలు, యాత్రా విశేషాలు, పెన్షను రూల్సు వస్తుంటాయి. నేను ఈసారి చల్లదనం చరిత్ర వ్రాయదలచాను. కారణం లేకపోలేదు. మనలో చాలామంది ఇళ్ళలో ఇన్సులిన్ సీసా ఉంది. మే నెలలో కరెంటు పోతే అందరి ఆలోచనా ఆ సీసా మీదకే పోతుంది. మా ఇంటావిడకు పన్నెండేళ్ళుగా రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ ఇస్తున్నాము గనుక ఈ బెంగ నాకు తెలిసినదే.

ఇదిలా ఉండగా, ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు పాత కంప్యూటరులోని పవర్ సప్లై పెట్టెను, అరచేతిలో ఇమిడే ఒక తెల్లని పలకను కలిపి థర్మోకోల్ డబ్బాలో చల్లదనం తెప్పించాడు. గ్యాసు లేదు, కంప్రెసరు లేదు, లోపల కదిలే భాగమే లేదు. వీధిలోని మిత్రులు వచ్చి చూసి, ఇది ఇన్సులినుకు పనికి వస్తుందా అని అడిగారు. జవాబు చెప్పాలంటే ఆ పలక పూర్వాపరాలు తెలియాలి. ఏ ఫైలునైనా మొదటి పేజీ నుంచి చదవడం మన అలవాటే కదా.

కుండ, వట్టివేళ్ళు

మన పేరాల చిత్రమైన ఊరు. కదలకుండానే మూడు జిల్లాలకు బదిలీ అయింది. 1970 దాకా గుంటూరు జిల్లా, ఆ పైన ఒంగోలు పేరుతో ఏర్పడి తరువాత ప్రకాశం అయిన జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఏ జిల్లాలో ఉన్నా ఎండ మాత్రం అదే. దానికి తోడు సముద్రపు గాలిలోని చెమ్మ. ఈ చెమ్మ నేతవారికి మేలే చేసింది. గుంట మగ్గం దగ్గర నేల చల్లదనానికి, గాలిలోని తేమకు నూలు పోగు తొందరగా తెగదు. అదే చెమ్మ కుండకు మాత్రం అడ్డుపడుతుంది. ఎలాగో చెబుతాను.

మట్టి కుండ గోడలోని సన్నని రంధ్రాల నుంచి నీరు పైకి ఊరి, ఆవిరై పోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని అది కుండలో మిగిలిన నీటి నుంచే తీసుకుంటుంది. అందుకే కుండ నీరు చల్లబడుతుంది. గాలి పొడిగా ఉంటే ఆవిరి త్వరగా పోతుంది. రాయలసీమ కుండలో నీరు చల్లబడినంతగా మన తీరప్రాంతపు కుండలో చల్లబడకపోవడానికి కారణం గాలిలో అప్పటికే ఉన్న తేమ.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1970 దశకంలో, వేసవి వస్తే ఆఫీసు కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టేవారు. బంట్రోతు గంటకొకసారి నీళ్ళు చల్లేవాడు. సువాసనతో కూడిన చల్లగాలికి మధ్యాహ్నం ఫైళ్ళ మీద కునుకు వచ్చేది. అక్కడా జరిగేది కుండ పనే. మొగలాయీల కాలంలో సురేకారం కలిపిన నీటిలో కూజాలు తిప్పి తాగునీరు చల్లబరిచేవారని అక్బరు కొలువులోని అబుల్ ఫజల్ వ్రాసి పెట్టాడు. సురేకారం నీటిలో కరిగేటప్పుడు వేడిని లాగేసుకుంటుంది.

ఈ మూడు పద్ధతులలోనూ గమనించవలసినది ఒకటే. చల్లదనాన్ని ఎవరూ తయారు చేయలేదు. ఒక చోటి వేడిని మరొక చోటికి పంపారు, అంతే. మన సర్వీసు భాషలో చెప్పాలంటే వేడికి బదిలీ ఉంది గాని రద్దు లేదు.

ఓడలో వచ్చిన మంచు

పందొమ్మిదవ శతాబ్దంలో వేరొక ఉపాయం వచ్చింది. చల్లదనం ఉన్న దేశం నుంచి దానిని ఓడలో తెప్పించుకోవడం. అమెరికాలోని బోస్టన్ నగరపు వర్తకుడు ఫ్రెడెరిక్ ట్యూడర్ చలికాలంలో చెరువుల మీద గట్టిపడిన మంచును దిమ్మలుగా కోయించి, చుట్టూ రంపపు పొట్టు వంటివి దట్టించి ఓడలకు ఎక్కించాడు. 1833 మే నెలలో బయలుదేరిన ఓడ సెప్టెంబరులో కలకత్తా చేరింది. ఎక్కించినది 180 టన్నులు, దిగినది సుమారు 100 టన్నులు. నాలుగు నెలల ప్రయాణంలో, భూమధ్యరేఖను రెండు సార్లు దాటి కూడా సగానికి పైగా మిగలడం విశేషమే.

మద్రాసులో ఆ మంచు నిలవ చేయడానికి 1842లో సముద్రపు ఒడ్డున కట్టినదే ఐస్ హౌస్. మనలో మద్రాసు వెళ్ళిన వారంతా చూసే ఉంటారు. మంచు వ్యాపారం పోయాక అది నివాసగృహం అయింది. 1897 ఫిబ్రవరిలో పాశ్చాత్య దేశాల నుంచి తిరిగి వచ్చిన స్వామి వివేకానంద అందులోనే బస చేశారు. నేడు దానిని వివేకానందర్ ఇల్లం అంటున్నారు. అయితే ఓడ మంచు దొరలకు, ధనవంతులకే. పేరాల నేతగాడికి ఉన్నది కుండే.

1834: ఒకే ఏడాది, రెండు దారులు

మంచు ఓడ కలకత్తా చేరిన మరుసటి సంవత్సరమే, 1834లో, ఐరోపాలోని రెండు నగరాలలో రెండు సంగతులు జరిగాయి.

లండనులో స్థిరపడిన అమెరికా దేశస్థుడు జేకబ్ పెర్కిన్స్ ఈథరును ఆవిరి చేసి, ఆ ఆవిరిని పంపుతో నొక్కి, మళ్ళీ ద్రవంగా మార్చి తిప్పే యంత్రానికి పేటెంటు పొందాడు. ఆవిరి అయ్యేటప్పుడు ద్రవం వేడిని తీసుకుంటుంది, మళ్ళీ ద్రవం అయ్యేటప్పుడు బయట వదులుతుంది. కుండ చేసే పనినే మూసిన గొట్టాలలో ఎడతెగకుండా చేయించాడన్నమాట. మన ఇంటి ఫ్రిజ్జుకు మూలం ఇదే. 1870 దశకంలో జర్మనీలో కార్ల్ లిండే అమ్మోనియాతో ఇటువంటి యంత్రాలను బాగా అభివృద్ధి చేశాడు. ఐసు ఫ్యాక్టరీలు వచ్చాక బోస్టన్ మంచుకు పని లేకపోయింది. ఓడరేవు, నిజాంపట్నం రేవులలో చేపల మీద వేసే ఐసు గడ్డలది కూడా ఈ వంశమే. మన దేశంలో గోద్రెజ్ వారు 1958లో తొలి ఫ్రిజ్జు తయారు చేశారు.

అదే 1834లో పారిస్‌లో జాన్ పెల్టియర్ వేరొకటి గమనించాడు. ఈయన మొదట గడియారాలు చేసే పనివాడు. ముప్పై ఏళ్ళ వయసులో ఆ వృత్తి మాని విజ్ఞానశాస్త్రంలో పడ్డాడు. రెండు వేర్వేరు లోహాలను అతికించి విద్యుత్తు పంపితే అతుకు దగ్గర వేడిలో తేడా వస్తున్నట్లు కనిపెట్టాడు. అంతకు ముందే, 1821లో, జర్మనీలో సీబెక్ దీనికి తిరగబడిన సంగతి చూశాడు. ఒక అతుకు వేడిగా, రెండవది చల్లగా ఉంటే తీగలో విద్యుత్తు పుడుతుందని.

పెల్టియర్ చూసినదాని అసలు అర్థం 1838లో రష్యాలోని లెంజ్ తేల్చాడు. బిస్మత్, ఆంటిమొనీ లోహాల అతుకు మీద నీటి చుక్క వేసి కరెంటు పంపాడు. చుక్క గడ్డకట్టింది. కరెంటును ఎదురు దిశలో పంపాడు. చుక్క కరిగింది. చేతితో తిప్పే పంపు లేకుండా, ద్రవం లేకుండా, తీగలో పోయే కరెంటే వేడిని మోయగలదని రుజువైంది.

ఇంత చక్కని సంగతి నూరేళ్ళకు పైగా ఎందుకు మూలపడింది? లోహాలతో చిక్కేమిటంటే, అవి కరెంటును ఎంత బాగా పంపుతాయో వేడిని కూడా అంత బాగా పంపుతాయి. చల్లని వైపు నుంచి మోసుకుపోయిన వేడి అదే లోహం గుండా వెనక్కి వచ్చేస్తుంది. పగలంతా బంట్రోతు ఒక గది నుంచి మరో గదికి ఫైళ్ళు మోస్తుంటే, వెనుక తలుపు గుండా మరొకరు అవే ఫైళ్ళు తిరిగి తెచ్చి పెట్టినట్లు. పెర్కిన్స్ దారి రాజమార్గం అయింది. పెల్టియర్ దారి గడ్డి మొలిచిన కాలిబాటగా మిగిలింది.

1921: పేరాల, టొరంటో

చల్లదనం ప్రాణావసరం ఎలా అయిందో చెప్పాలంటే 1921కి రావాలి. ఆ సంవత్సరం మన ఊరికి ఎటువంటిదో ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. చీరాల, పేరాల గ్రామాలను 1919లో మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో జనం ఇళ్ళు వాకిళ్ళు విడిచి, ఊరి పొలిమేర దాటి రామనగరు అని పేరు పెట్టుకున్న గుడిసెలలో సుమారు 11 నెలలు కాపురం ఉన్నారు. వారు వెళ్ళినది మండు వేసవిలో. తాటాకు పాకల కింద ముసలివారికి, పసిపిల్లలకు ఉన్న చల్లదనమంతా కుండ నీరే.

అదే 1921 వేసవిలో కెనడా దేశపు టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్‌ను వేరుచేసే ప్రయోగాలు ప్రారంభించారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ బాలుడికి తొలిసారి మందుగా ఇచ్చారు. అంతవరకు పిల్లలకు వచ్చే చక్కెర వ్యాధి అంటే కొద్దికాలంలో మరణమే. రామనగరులో ఉన్నవారిలో అటువంటి బిడ్డ ఉండి ఉంటే బ్రతికే దారి లేదు.

ఇన్సులిన్ ప్రాణం పోసింది గాని ఒక షరతు పెట్టింది. అది మాంసకృత్తు. ఎక్కువ వేడికి చెడుతుంది, గడ్డకట్టినా చెడుతుంది. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉండాలి. వాడుకలో ఉన్న సీసాను సాధారణంగా 25 లేక 30 డిగ్రీలు మించకుండా నాలుగు వారాల వరకు బయట ఉంచవచ్చు. ఏ రకానికి ఎంత అన్నది దానితో వచ్చే కాగితంలో ఉంటుంది. మన మే నెలలో గదిలోనే 35 దాటుతుంది. చిక్కంతా అక్కడే.

1990 మే తుపాను సమయంలో మా ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు మా అమ్మగారు ఇన్సులిన్ మీద ఉన్నారు. మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు. ఉన్న పొరుగువారిది కూడా పనిచేయలేదు. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత దింపి, సీసాను పొడి గుడ్డలో చుట్టి ముంతలో పెట్టి, పైన తడి గోనె కప్పాము. తుపాను తరువాత గాలిలో చెమ్మ ఎక్కువ గనుక కుండ పూర్తిగా పనిచేయదని తెలుసు. ఆ అయిదు రోజులూ అమ్మగారి ముఖం చూస్తూ గడిపాము. కరెంటు వచ్చాక కొత్త సీసా తెప్పించే వరకు ఎవరికీ నిద్ర లేదు.

కాలిబాట మళ్ళీ తెరుచుకుంది

పెల్టియర్ దారికి మంచిరోజులు అర్ధవాహకాలతో వచ్చాయి. ట్రాన్సిస్టరు రేడియోలో ఉండే జాతి పదార్థాలివి. కరెంటును తగుమాత్రం పంపుతాయి, వేడిని మాత్రం లోహాలంత తేలికగా పంపవు. సోవియట్ దేశంలో ఇయోఫె అనే శాస్త్రవేత్త వీటి మీద విశేషంగా కృషి చేశాడు. కిరోసిను దీపం వేడితో కరెంటు పుట్టించి పల్లెటూళ్ళలో రేడియో మ్రోగించే సాధనాలు అక్కడ వాడకంలోకి వచ్చాయి. అది సీబెక్ సూత్రం. 1954లో ఇంగ్లండులో గోల్డ్‌స్మిడ్, ఆయన సహచరుడు డగ్లస్ బిస్మత్ టెల్యూరైడ్ అనే పదార్థంతో సున్నా డిగ్రీల దాకా చల్లబరచి చూపారు. నేటి పలకలలో ఉన్నదీ ఆ పదార్థమే.

ఈ పలకను మనం చూడకపోయినా అది మనకు సేవ చేసింది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్ష చేయించుకోని ఇల్లు లేదు. ఆ యంత్రంలో నమూనాను పదే పదే వేడిచేసి చల్లార్చాలి. చాలా యంత్రాలలో ఆ పని చేసేది పెల్టియర్ పలకలే. కరెంటు దిశ మారిస్తే వేడి, మళ్ళీ మారిస్తే చలి. లెంజ్ నీటిచుక్క ప్రయోగమే అది. ఇక 1977లో ప్రయోగించిన వాయేజర్ అంతరిక్ష నౌకలకు విద్యుత్తు ఇచ్చేది సీబెక్ సూత్రమే.

కంప్యూటరు పెట్టె కథ

పలకకు ఎటువంటి కరెంటు కావాలి? గోడలోని 230 వోల్టుల ఏ.సి. పనికిరాదు. తక్కువ వోల్టేజి, ఎక్కువ ఆంపియర్లు, ఒకే దిశలో పారే డి.సి. కావాలి. సరిగ్గా ఇదే కంప్యూటరుకూ కావాలి. పాత కంప్యూటరు పెట్టె ఇక్కడ అక్కరకు రావడానికి కారణం అదే.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులోని పవర్ సప్లై సామర్థ్యం 63.5 వాట్లు. ఈ పెట్టె బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరు లాంటిది కాదు. మెయిన్సు కరెంటును ముందు సుమారు 320 వోల్టుల డి.సి.గా మార్చి, దానిని సెకనుకు వేలాది సార్లు తెంపుతూ కలుపుతూ, చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 12, 5 వోల్టులుగా దించుతుంది. 1995లో ఇంటెల్ వారు ఏ.టి.ఎక్స్. అనే నమూనా తెచ్చాక తీగల రంగులు, వోల్టులు కంపెనీ ఏదైనా ఒకే తీరుగా స్థిరపడ్డాయి. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు తిరుగుదారి. ఆకుపచ్చ తీగను నలుపుతో కలిపితే పెట్టె మేలుకుంటుంది. మామూలుగా ఈ పని కంప్యూటరే చేస్తుంది.

మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ శాఖకు 1998లో కార్డ్ పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. ఆ తరువాత ఒక్కొక్క ఆఫీసుకూ, ఒక్కొక్క ఇంటికీ వచ్చాయి. అవి పాతబడి మూల చేరాయి. పాత సామాను కొట్టులో ఆ పవర్ సప్లై పెట్టెలు తూకానికి పోతున్నాయి. ఎక్కువ భాగం పెట్టెలలో పసుపు తీగ 10 ఆంపియర్లకు తక్కువ ఇవ్వదు. అంకెలు పక్కనున్న కాగితం మీద అచ్చయి ఉంటాయి. మా మనవడు వాడిన పలక 4 సెంటీమీటర్ల చదరం. అందులో 127 జతల అర్ధవాహక ముక్కలు రెండు పింగాణీ రేకుల నడుమ ఉన్నాయి. 12 వోల్టులకు 4, 5 ఆంపియర్లు, అంటే 50, 60 వాట్లు తీసుకుంటుంది. పెట్టెకు అది సునాయాసం.

కొన్ని పాత పెట్టెలు 5 వోల్టుల తీగ మీద బరువు లేకపోతే 12 వోల్టులు సరిగా చూపవు. అందుకని అబ్బాయి ఎరుపు, నలుపు తీగల మధ్య 10 ఓముల, 10 వాట్ల రెసిస్టరు పెట్టాడు. పలక చల్లని ముఖం డబ్బా లోపలికి, వేడి ముఖం బయటికి. వేడి ముఖానికి అల్యూమినియం రెక్కల దిమ్మ, దానికి ఫ్యాను. ఎందుకింత పెద్ద దిమ్మ అని నేను అడిగితే, "తాతయ్యా, డబ్బాలోంచి తీసిన వేడి, పలక తిన్న కరెంటు వేడి, రెండూ ఇక్కడికే వస్తాయి. వాటికి దారి ఇవ్వకపోతే పలక మాడిపోతుంది" అన్నాడు. బదిలీ అయిన వేడికి క్వార్టర్సు చూపించాలన్నమాట.

జమాఖర్చుల లెక్క

లెక్క లేనిదే గుమాస్తాకు తృప్తి ఉండదు. మే నెలలో ఒక మధ్యాహ్నం గదిలో 35 డిగ్రీలు ఉండగా మూడు థర్మామీటర్లు పెట్టి చూశాను. ఇసుక కుండ లోపల 29. పలక డబ్బాలో రెండు గంటల తరువాత 18. ఫ్రిజ్జు మామూలుగా 5.

ఖర్చు చూద్దాం. కుండకు రోజుకు రెండు చెంబుల నీరు. పలక రోజంతా నడిస్తే, పవర్ సప్లైలో పోయే నష్టంతో కలిపి, సుమారు ఒకటిన్నర యూనిట్లు. మంచి చిన్న ఫ్రిజ్జు అంతకంటే తక్కువ కరెంటుతో, ముప్పై రెట్లు పెద్ద అరను, ఇంకా ఎక్కువ చల్లగా ఉంచుతుంది. పెర్కిన్స్ దారి రాజమార్గం కావడానికి కారణం ఈ లెక్కే. పెల్టియర్ పలక గొప్పతనం పొదుపులో లేదు. కదిలే భాగం లేకపోవడంలో, చిన్నదిగా ఉండడంలో, డి.సి.తో నడవడంలో ఉంది.

మిత్రుల ప్రశ్నకు నా జవాబు ఇది. వాడుకలో ఉన్న సీసాకు 18 డిగ్రీలు చాలు. నెలల తరబడి నిలవ చేసే సీసాలకు చాలదు, వాటికి ఫ్రిజ్జే శరణ్యం. కరెంటు పోతే ఈ డబ్బా ఆగిపోతుంది, పైగా బయటి దిమ్మ వేడి పలక గుండా వెనక్కి లోపలికి వస్తుంది. కనుక దీనిని నమ్ముకునేవారు ఇన్వర్టరు బ్యాటరీ లెక్క కూడా చూసుకోవాలి. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1800 వాట్ అవర్లు ఉంటాయి. సగమే వాడినా 50 వాట్ల పలకకు నేరుగా 18 గంటలు వస్తుంది. అప్పుడు కంప్యూటరు పెట్టె అవసరమే లేదు.

జాగ్రత్తలు కూడా మనవి చేస్తాను. పవర్ సప్లై పెట్టెను ఎట్టి పరిస్థితిలోనూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. తీగలు తారుమారు చేస్తే చల్లని ముఖం వేడెక్కుతుంది, సీసా ఉడికిపోతుంది. చల్లని రేకుకు సీసాను ఆనించరాదు, గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడరాదు. లోపల ఒక థర్మామీటరు తప్పనిసరి. సీసా విషయంలో ఏ మాత్రం అనుమానం ఉన్నా డాక్టరుగారిని అడిగి తీరాలి.

కుర్రవాళ్ళు చేసిన ఇటువంటి డబ్బాను బొమ్మ అని కొట్టివేయనూ వద్దు, ఫ్రిజ్జుకు బదులని నమ్మనూ వద్దు. ఫ్రిజ్జు, దాని పక్కన ఒక తడి ఇసుక కుండ, వీలైతే బ్యాటరీ మీద నడిచే ఒక పలక డబ్బా. ఒకటి ఆగితే రెండవది. తుపాను దారిలో ఉన్న ఊళ్ళలో, తెనాలి, రేపల్లె, బాపట్ల, చీరాల ప్రాంతాలన్నింటిలో, మందు మీద బ్రతికే పెద్దవారున్న ఇంటికి ఇది అతిశయం కాదు. ఈ వేసవిలో మన సభ్యులలో ఒంటరిగా ఉంటున్న ఇన్సులిన్ రోగుల జాబితా వీధి వారీగా తయారు చేసి, కరెంటు పోయినప్పుడు ఎవరి సీసా ఎవరి ఇంటికి చేరాలో ముందే వ్రాసి ఉంచవలసిందిగా కార్యవర్గం వారిని కోరుతున్నాను. ఆ జాబితా వ్రాసే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను.